నేను చదివినట్టు నటించిన ఉత్తరం

రెడ్డియార్‌పాళయంలో మా ఇంటికి రెండు వీధుల అవతల మూతబడిన నర్సరీ బడి ఒకటి ఉండేది. గోడల మీద ఏనుగు, కుందేలు బొమ్మలు అలాగే ఉంచి, పేటవాళ్ల సంఘం దాన్ని పెద్దవాళ్ల హాలుగా మార్చింది. చేతులు కడుక్కునే తొట్టి పిల్లల ఎత్తులోనే ఉండేది. డెబ్భై, ఎనభై ఏళ్లవాళ్లు మోకాళ్లు పట్టుకుని వంగి చేతులు కడుక్కునేవాళ్లు. పొద్దున పదికి తలుపు తీస్తే సాయంత్రం నాలుగు దాకా ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మధ్యాహ్నం భోజనం పెడతారు. వారానికి రెండుసార్లు బీపీ చూస్తారు. నడవలేనివాళ్లను ఇంటి దగ్గర నుంచి ఆటోలో తెస్తారు. ఆసుపత్రికి పోవాల్సినవాళ్లకు ఎవరో ఒకరు తోడు పోతారు. ఇదంతా నడిపేది రిటైరైన ఒక తమిళ పంతులమ్మ. అందరూ ఆమెను టీచరమ్మ అనేవాళ్లు.

నేను అక్కడ చేరినప్పుడు నాకు అరవై రెండు. ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైనవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకూ అక్కడ పనులుండేవి. నా బీపీ కూడా చూపించుకోవాలి, నాకూ పగలంతా తోచేది కాదు. కానీ ముసలివాళ్ల హాలుకు ముసలివాడిగా పోవడం నామోషీ అనిపించి, సాయం చేసేవాడిగా చేరాను. బల్లకు ఇవతల వైపు కుర్చీ వేసుకున్నాను. కళ్లు సరిగ్గా కనిపించనివాళ్లకు తమిళ పేపరు చదివి వినిపించేవాణ్ణి. ఆసుపత్రి చీటీలు, కరెంటు ఆఫీసు నోటీసులు చదివి చెప్పేవాణ్ణి, ఫారాలు నింపేవాణ్ణి. నాకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా నన్ను 'సార్' అనేవాళ్లు. ఆ పిలుపు ఆఫీసు వదిలిన తర్వాత మళ్లీ చెవిన పడటం నాకు చాలా బాగుండేది.

మాది తెలుగు ఇల్లు. మా ముత్తాతల ముందు నుంచే ఈ ఊరు. ఇంట్లో తెలుగు, బయట తమిళం. బడిలో నేను చదివింది తమిళం, ఇంగ్లీషు. మా నాన్నకూ తెలుగు అక్షరాలు రావు, నాకూ రావు. మా పేటలో తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో ఉన్నాయి, చదవగలిగినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒకరోజు హాల్లో పేపరు చదవడం అయ్యాక ఒక తమిళాయన, పాతకాలం పోస్టుమ్యాను, ఊరికే అడిగాడు. "సార్, మీ ఇంట్లో తెలుగు కదా. మీకు చదవడం కూడా వచ్చా?"

"ఎందుకు రాదు? తమిళం, ఇంగ్లీషు, తెలుగు మూడూ వచ్చు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. బస్సు మీద తెలుగు బోర్డు ఉంటే అది తెలుగు అని గుర్తుపట్టగలను, అంతే. కానీ చుట్టూ పదిహేను మంది వింటున్నారు. రాదని చెప్పడానికి నోరు రాలేదు. వాళ్లలో పెద్దమ్మ కూడా ఉంది.

పెద్దమ్మ అంటే మాకు చుట్టం కాదు. మా పక్క వీధిలో ఉండే తెలుగామె, ఎనభై దాటింది. కొడుకు, కోడలు ఇద్దరూ పనికి పోతే పగలు ఇంట్లో ఒక్కతే ఉండాలి కాబట్టి ఆటోలో హాలుకు వచ్చేది. వయసులో ఉన్నప్పుడు ఇంట్లో అప్పడాలు ఒత్తి కొట్లకు వేసేదట. ఇప్పటికీ ఆమె చేతులు ఊరికే ఉండేవి కావు, మాట్లాడుతూనే ఒడిలో ఏదో ఒత్తుతున్నట్టు కదిలేవి. కంట్లో నీటి ఒత్తిడి జబ్బు. కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకంటితో మనిషి దగ్గరికి వస్తే గుర్తుపట్టేది. "గళ్ల చొక్కా ఏసుకోని వచ్చినావే" అని నన్ను పలకరించేది.

తెలుగు చదవడం వచ్చని నేను అన్న మూడో రోజో నాలుగో రోజో, ఆమె మధ్యాహ్నం భోజనం అయ్యాక నా కుర్చీ పక్కన వచ్చి కూర్చుంది. కొంగులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసింది. పోస్టాఫీసువాళ్ల నీలం రంగు ఉత్తరం. అంచులు మెత్తబడిపోయి ఉన్నాయి.

"నాయనా, నీకు తెలుగు చదవను వస్తాదంట గదా?"

"ఎవరు రాశారు పెద్దమ్మా?"

"మా అక్క. చిత్తూరు పక్క పల్లెకిచ్చినారు దాన్ని. అది ఆడ తెలుగు నేర్చుకున్నింది. నాకు రాస్తా ఉండేది. ముందు మా వీధిలో ఒకాయన చదివి చెప్తా ఉన్న్యాడు. ఆయన పొయినాడు. ఇది ఆఖర్న వచ్చిన కాగితం. ఆరేండ్లయ్యింది."

"ఆరేళ్లుగా ఎవరిచేతా చదివించలేదా?"

ఆమె ఆ కాగితాన్ని వేళ్లతో తడిమింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "భయం నాయనా. మా అమ్మ నా ఇంట్లోనే పొయ్యింది. ఎండాకాలం. పెద్దోళ్లు తొందరపెట్టినారు. అక్కకు చెప్పి పంపే లోపల కాటికి తీసకపొయినారు. అది వచ్చేటప్పటికి ఏమీ లేదు. అమ్మ మొగం చూడలేదు అది. నన్ను తిట్టి ఎళ్లిపొయ్యింది. మళ్లా శానా ఏండ్లు ఒక అచ్చరం రాయలేదు. ఆ పైన ఇది వచ్చినాది. ఇది వచ్చిన నెలకే అక్క పొయ్యిందని ఫోను వచ్చినాది. చెడ్డ మాట రాసుంటే ఎట్ల అని పెట్లో పెట్టేసినా. ఇప్పుడు ఈ కన్ను కూడా పోతా ఉండాది. చదువు. చెడ్డగా ఉంటే ఆడనే ఆపెయ్, నాకు చెప్పద్దు."

కాగితం విప్పాను. ఒక్క అక్షరం తెలియలేదు. నీలం కాగితం మీద సన్నని గుండ్రటి రాత, వరస తప్పకుండా, అంచుల దాకా నిండిపోయి ఉంది. పోస్టుమ్యాను చూస్తున్నాడు. టీచరమ్మ కూడా గిన్నెలు సర్దుతూ ఒకసారి ఇటు చూసింది. అప్పుడే చెప్పి ఉండవచ్చు. కళ్లద్దాలు తేలేదు అని ఉండవచ్చు, అది కూడా అబద్ధమే కానీ చిన్నది. నేను గొంతు సవరించుకున్నాను.

"చెల్లికి, నేను ఇక్కడ క్షేమం. నువ్వూ పిల్లలూ క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టాను. ఉత్తరాలన్నీ అలాగే మొదలవుతాయి కదా. వేలితో వరసల వెంట జరుపుతూ పోయాను. "అమ్మ విషయంలో నాకు నీమీద కోపం లేదు. అప్పుడు నువ్వు ఏమీ చేయలేకపోయావని నాకు తెలుసు. మనసులో పెట్టుకోవద్దు. ఒంట్లో బాగుంటే వచ్చి నిన్ను చూడాలని ఉంది. ఇట్లు నీ అక్క."

పెద్దమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమె ఏడవలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని, ఒళ్లో పెట్టుకుని, అరచేతితో మడతలు సాపు చేస్తూ కూర్చుంది. తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసి, "నువ్వు బాగుండాల నాయనా" అంది.

మర్నాడు ఆమె కోడలిచేత పెద్ద డబ్బా నిండా సుండలు, అంటే శనగ గుగ్గిళ్లు, చేయించి హాలుకు తెచ్చింది. "మా అక్కకు నామీద కోపం లేదు" అని తమిళంలో అందరికీ చెబుతూ ఆకు దొన్నెల్లో పంచింది. నాకు రెండు దొన్నెలు. నేను తిన్నాను. మంచిపనే చేశాను కదా, ఆమె మనసు కుదుటపడింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రోజు దాన్ని దాదాపు నమ్మాను కూడా.

సంగతి వీధిలో పాకింది. సాయంత్రం కూరగాయలు తరుగుతూ మా ఆవిడ అడిగింది. "మీరు పెద్దమ్మకు తెలుగు కాగితం చదివినారంట గదా? ఎప్పుడు నేర్చుకున్నారు?"

"అంతగా ఏముంది, కొంచెం కొంచెం తెలుసు" అన్నాను.

ఆమె కత్తి ఆపి నావైపు చూసింది. ముప్పై ఆరేళ్ల కాపురం. మళ్లీ తరగడం మొదలుపెట్టింది. ఆ చూపు తప్పించుకోవడానికి నేను లేచి టీవీ పెట్టాను.

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ పెద్దమ్మకు ఆ ఉత్తరం ఒకసారి వింటే చాలలేదు. వారానికి ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు, "ఇంకొక తూరి చదువు నాయనా" అని తెచ్చేది. మొదటిసారి నేనేం చెప్పానో నాకే సరిగ్గా గుర్తులేదు. రెండోసారి చదివినప్పుడు 'వచ్చి చూడాలని ఉంది' అన్న మాట వదిలేశాను. ఆమె వెంటనే, "అది వస్తానని రాసినాదే, అది చదవలేదే నువ్వు?" అంది. ఆ రోజు ఇంటికి వచ్చి, నేను అల్లిన ఉత్తరాన్ని ఒక చీటీ మీద తమిళంలో రాసుకున్నాను. హాలుకు పోయే ముందు దాన్ని ఒకసారి చూసుకునేవాణ్ణి. సూపరింటెండెంటుగా ముప్పై ఏళ్లు ఎవరి కాగితంలో తప్పున్నా ఎర్ర సిరాతో గీత గీసినవాణ్ణి. అబద్ధం తప్పులు లేకుండా చెప్పడానికి చొక్కా జేబులో చీటీ పెట్టుకుని తిరిగాను.

నాలుగు నెలలు అలా గడిచాయి. ఎడమకంటి చూపు తగ్గుతోందని ఆమె చెబుతూనే ఉంది. కదిర్కామంలో పెద్దాసుపత్రికి కంటి పరీక్షకు తోడు పోయే వంతు నాకు వచ్చింది. ఆటోలో పొద్దున్నే పోయాము. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి నేను మందుల వరసలో నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి ఆమె పక్కన ఒక నర్సు కూర్చుని ఉంది. యానాం అమ్మాయి అని తర్వాత తెలిసింది. తెలుగులో మాట్లాడేసరికి పెద్దమ్మ సంతోషపడి, ఆ ఉత్తరం తీసి ఆమె చేతికిచ్చింది. మంచి మాటను ఇంకొకరి నోట వినాలని ఆశ, అంతే.

నేను వాళ్లకు నాలుగడుగుల దూరంలో ఉండగా నర్సు చదువుతోంది. "చక్కని చేతిరాతండీ" అని, ఆగకుండా, స్పష్టంగా చదివింది.

"చెల్లికి రాయునది. నేను మంచం పట్టాను. అయినా ఇది నా చేత్తోనే రాస్తున్నాను. అమ్మ ముఖం నాకు చూపించలేదు నువ్వు. అది నేను మరచిపోలేదు. మరచిపోయానని అబద్ధం రాయలేను. కానీ నా కూతురు ఏం చేసింది? భర్త పోయాక అది మీ ఊరికే బతకడానికి వచ్చింది. లాస్‌పేటలో నీళ్ల ట్యాంకు వెనక సందులో ఉంది. నీ దగ్గరికి పోవద్దని నేనే చెప్పాను. నువ్వే పోవాలి. పోయి దాన్ని చూడు. దానికి అమ్మమ్మ తెలియదు. అమ్మ ఎలా ఉండేదో నువ్వు చెప్పు."

నర్సు కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టి, ఎవరో పిలిస్తే లేచి వెళ్లింది. పెద్దమ్మ నేను వచ్చానని గమనించలేదు. లేదా గమనించిందేమో. నేను పక్కన కూర్చున్నాను. నా చేతిలో మందుల కవరు చప్పుడైంది.

"ఏంది నాయనా ఇది?" అంది మెల్లగా. "నువ్వు చదివింది యాడ ఉండాది దీంట్లో?"

ఆ బెంచీ మీద నాకు రెండో అవకాశం దొరికింది. దాన్నీ పాడుచేశాను. "అది కొత్త పిల్ల పెద్దమ్మా, పాతకాలం రాత ఆమెకు అర్థం కాలేదు. తోచింది చదివింది" అన్నాను.

"అట్నా?"

"ఆమా, అంతే" అన్నాను.

లోపల డాక్టరు పరీక్ష చేసి, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవడానికి చుక్కలు తప్పకుండా వేయాలని చెప్పాడు. ఆటోలో తిరిగి వస్తుంటే ఆమె ఒడిలో ఉత్తరం ఉంది, చేతులు దాని మీద కదలకుండా ఉన్నాయి. తన పని తాను సరిగ్గా చేసిన ఒక పిల్ల మీద నా తప్పు రుద్దాను. ఆ అమ్మాయి ముఖం కూడా నేను సరిగ్గా చూడలేదు.

తర్వాతి రోజుల్లో పెద్దమ్మ ఉత్తరం చదవమని నన్ను అడగలేదు. ఒకసారి మాత్రం, "ఆ పిల్ల తప్పుగా చదివిందనే పెట్టుకో. అయినా లాస్‌పేట అనింది గదా. మా అక్కబిడ్డ ఆడ ఉండాదేమో ఒక తూరి చూసి వస్తావా?" అని అడిగింది.

"చూస్తాను పెద్దమ్మా" అన్నాను.

చూడలేదు. మా ఇంటి నుంచి లాస్‌పేటకు స్కూటరు మీద అరగంట కూడా పట్టదు. ఆ నెలలోనే కరెంటు ఆఫీసు పని మీద ఒకసారి అటు పోయాను కూడా. నీళ్ల ట్యాంకు దూరంగా కనిపించింది. బండి తిప్పుకుని వేరే దారిన వచ్చేశాను. ఆ సందులో ఆ మనిషి నిజంగా ఉంటే నర్సు చదివింది నిజమని తేలుతుంది, నేను చదివింది ఏమిటో అందరికీ తెలుస్తుంది. నా మనసులో ఉన్న లెక్క అదొక్కటే. పెద్దమ్మ మళ్లీ అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పాను. ఎండ ఎక్కువగా ఉందన్నాను, బండి రిపేరన్నాను. అలా మూడు వారాలు జరిపాను.

నాలుగో వారం ఒక ఉదయం పెద్దమ్మ ఆటో కోసం ఆగకుండా ఒక్కతే ఇంట్లోంచి బయలుదేరింది. బస్‌స్టాపులో ఎవరినో అడిగి లాస్‌పేట బస్సెక్కింది. ఎక్కడ దిగాలో తెలియక వేరెక్కడో దిగిపోయింది. రోడ్డు దాటలేక, చూపు ఆనక, ఒక కొట్టు ముందు ఎండలో నిలబడి ఉంటే ట్రాఫిక్ పోలీసు చూసి, ఆమె సంచిలో హాలు కార్డు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. టీచరమ్మ ఆటో తీసుకుని పోయి తీసుకొచ్చింది. పెద్దమ్మ మోచెయ్యి గీరుకుపోయి ఉంది, చెప్పు ఒకటి లేదు. చాప మీద పడుకోబెట్టి మజ్జిగ ఇచ్చారు.

టీచరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. "సార్, మీరు లాస్‌పేట పోయి చూసి వస్తానన్నారని నెల నుంచి ఎదురుచూస్తోందట. ఏమైంది?" అని తమిళంలో అడిగింది.

గోడ మీద కుందేలు బొమ్మ వైపు చూస్తూ మొత్తం చెప్పాను. నాకు తెలుగు చదవడం రాదని, అంతా కల్పించానని, నర్సు చదివిందే నిజమని, నాకు ఆ సంగతి తెలిసి కూడా నర్సు తప్పు చదివిందని చెప్పానని. చీటీ సంగతి కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది. "నాకు కాదు సార్. ఆమెకు చెప్పండి. ఇవాళే" అని లోపలికి పోయింది.

భోజనాల తర్వాత కొందరు చాపల మీద కునుకు తీస్తున్నారు. పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. ఆ హాల్లో నేను నేల మీద కూర్చోవడం అదే మొదటిసారి.

"పెద్దమ్మా, నాకు తెలుగు చదవడం రాదు. ఒక అక్షరం కూడా రాదు. నేను చదివినదంతా అబద్ధం."

ఆమె తల కాస్త వంచి వింది. అప్పుడు అంది. "రాకపోతే రాదని చెప్పకూడదా నాయనా? నాక్కూడా రాదు గదా. దాంట్లో ఏముండాది?"

ఆమె మళ్లీ అంది. "మా అక్క కోపం నాకు రాసినాది. నాది అది. నువ్వు ఎట్ల తీసేస్తివి? నా కోసరం అదొక్కటే మిగిలుండె దాని చేతిది."

"నీకు బాధ కలగకూడదని…" అన్నాను.

"నా కోసరమా?" అంది. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. నేను చాప అంచు మడుస్తూ కూర్చున్నాను. ఆమె ఆ మాట పట్టి లాగలేదు. "సరి. ఇప్పుడైనా పొయ్యి చూడు. బిడ్డ ఉండాదా లేదా అని" అంది.

ఆ సాయంత్రమే పోయాను. నీళ్ల ట్యాంకు వెనక సందు. నాలుగో ఇంట్లో అడిగితే ఆరో ఇల్లు చూపించారు. అరవై దగ్గర పడుతున్న ఒకామె, పొద్దున ఇళ్లకు ఇడియాప్పం చేసి పంపే మనిషి, మర్నాటికి పిండి జల్లెడ పడుతోంది. పెద్దమ్మ పేరు చెప్పగానే జల్లెడ పక్కన పెట్టింది.

"చిన్నమ్మ పంపించిందా?" అంది.

"అవునమ్మా."

"అమ్మ ఉత్తరం రాసి ఆరేళ్లు దాటింది. చిన్నమ్మే వస్తే మాట్లాడు, నువ్వు మాత్రం పోవద్దు అని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. నేను వారం వారం రెడ్డియార్‌పాళయం మార్కెట్టుకు వస్తానే ఉంటాను. ఆ వీధి మొదట్లో నిలబడి చూసి వచ్చేస్తాను. ఇన్నేళ్లు ఎందుకు రాలేదు ఆమె?"

చదివించడానికి భయపడి ఆరేళ్లు దాచుకుందని చెప్పాను. ఆ తర్వాతి అయిదు నెలలు నా వల్ల అని కూడా చెప్పాను. చెప్పకుండా తిరిగిపోదామా అన్న ఆలోచన ఆ గుమ్మంలో కూడా ఒక్క క్షణం వచ్చింది. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. మంచినీళ్లు ఇవ్వబోయి తెచ్చిన చెంబు పక్కన పెట్టింది. "రేపు పదకొండుకు వస్తాను" అని మాత్రం అంది.

మర్నాడు వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది, ఇస్త్రీ చేసిన నూలు చీర కట్టుకుంది. టీచరమ్మ ఆమెను పెద్దమ్మ దగ్గరికి తీసుకుపోయింది. "చిన్నమ్మా, నేనే" అందామె.

పెద్దమ్మ రెండు చేతులూ చాచి ఆమె ముఖం పట్టుకుంది. బొటనవేళ్లతో కనుబొమలు తడిమింది, ముక్కు తడిమింది, గడ్డం పట్టుకుంది. తన ముఖం దగ్గరికి, ఇంకా దగ్గరికి లాక్కుంది. తర్వాత తల పైకెత్తి చుట్టూ తిప్పి, "లైటు ఎయ్యండప్పా, మబ్బుగా ఉండాది. బిడ్డ మొగం కనపడలేదు" అంది.

పదకొండు గంటల ఎండ కిటికీలోంచి వాళ్ల మీద పడుతోంది. లైటు వెలుగుతూనే ఉంది. టీచరమ్మ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. అప్పుడు ఆ అక్కబిడ్డే, "కరెంటు లేదు చిన్నమ్మా" అంది.

నేను బయటికి వచ్చేశాను. మొదటిసారి ఆమె ఉత్తరం తెచ్చిన రోజున నా చొక్కా గళ్లు కనిపించేవి ఆమెకు. రాదు అని ఆ రోజు ఒక్క మాట అని ఉంటే, టీచరమ్మ రెండు రోజుల్లో తెలుగు చదివేవాళ్లను ఎక్కడ నుంచైనా వెతికి తెచ్చేది. అక్కబిడ్డను పెద్దమ్మ కళ్లతో చూసేది. ఆ చూపు పోవడం ఊహ కాదు, నేను దగ్గరుండి చూసిన సంగతి.

వాళ్లిద్దరూ కలిసిపోయారు. అక్కబిడ్డ వారానికి రెండుసార్లు హాలుకు వచ్చి కూర్చునేది. పెద్దమ్మ తన తల్లి గురించి ఆమెకు చెబుతూనే ఉండేది. ఎట్లా నవ్వేది, ఎవరిని ఏమని తిట్టేది, రసంలో ఏం వేసేది. ఉత్తరం ఇప్పుడు అక్కబిడ్డ దగ్గర ఉంది. నేను తెలుగు నేర్చుకోవాలని ఆమెనే అడిగాను, ఆమె ఎనిమిదో తరగతి దాకా తెలుగులో చదివింది. "నాకు టైం లేదు" అంది. కారణం అది కాదని నాకు తెలుసు. చివరికి యానాం నుంచి వచ్చి పని చేసే ఒక ఉద్యోగిచేత ఒకటో తరగతి వాచకం తెప్పించుకుని, మా ఆవిడ పక్కన కూర్చుని పలక మీద దిద్దాను. మా ఆవిడ కూడా నాతోపాటు నేర్చుకుంది. నాకంటే ముందే గుణింతాలు పూర్తి చేసింది. ఇది జరిగి అయిదేళ్లు. ఈ రాత నాదే. తప్పులు మాత్రం వేరేవాళ్లు దిద్దారు. ఉత్తరం ఒకసారి చదవనిస్తారా అని అడిగే ముఖం నాకు లేదు.

ఇంకొకటి చెప్పాలి. అది చెప్పకపోతే ఇది కూడా నేను సగం చదివిన ఉత్తరమే అవుతుంది.

ఆ ఏడాది హాలు వార్షికోత్సవం జరిగింది. సంఘం పెద్దలు వచ్చారు. జరిగినదాంట్లో వాళ్లకు తెలిసిందల్లా లాస్‌పేట వెళ్లి వెతికి పెద్దమ్మనూ అక్కబిడ్డనూ కలిపింది నేనని. మైకులో నా పేరు పిలిచారు. టీచరమ్మ అప్పుడు వంట దగ్గర ఉంది. నేను వేదిక ఎక్కాను. పసుపు అంచు పొన్నాడ, సన్మానం శాలువా, కప్పారు. "ఇలాంటి మనిషి మన పేటలో ఉండటం మన అదృష్టం" అన్నాడు పెద్దాయన. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో అక్కబిడ్డ చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆమె పక్కన పెద్దమ్మ, ఎవరికి ఏమిస్తున్నారో ఎవరినో అడిగి తెలుసుకుని, అందరూ ఆపేశాక తాను ఒక్కతే చప్పట్లు కొట్టింది.

మైకు నా చేతికిచ్చారు. చెప్పాలనే పట్టుకున్నాను. వంద మంది ముఖాలు ఇటు తిరిగి ఉన్నాయి, అందరూ నన్ను సార్ అనేవాళ్లే.

"అందరికీ నన్రి" అని తమిళంలో ధన్యవాదాలు మాత్రం చెప్పి, మైకు తిరిగి ఇచ్చి, పొన్నాడ భుజం మీద సర్దుకుంటూ దిగి వచ్చేశాను.